బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

జనవరి వచ్చిందంటే ఎడిసన్‌లో తెల్లవారుజామున ఏ అపార్ట్‌మెంటు పార్కింగులో నిలబడినా ఒకటే చప్పుడు. ఎవరో ఒకరి కారు మూలుగుతూ ఉంటుంది. తాళం తిప్పగానే డాష్‌బోర్డు దీపాలు మసకబారతాయి, సెల్ఫ్ మాత్రం ఎత్తుకోదు. చుట్టూ చేరిన వాళ్ళు చెప్పే మాట కూడా ఒకటే: "బ్యాటరీ పోయింది, మార్చెయ్." చాలాసార్లు అది నిజమే. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజిన్ ఆయిలు చిక్కబడి సెల్ఫ్ మీద బరువు పెరుగుతుంది. కానీ కొత్త బ్యాటరీ వేసిన వారానికే మళ్ళీ అదే మూలుగు మొదలైతే ఏమిటి సంగతి? ఈ వారం ఆ సంగతే.

ముందే చెప్పేస్తున్నాం, మేం మెకానిక్కులం కాదు. రారిటన్ సెంటర్ గోడౌన్ల ఆఫీసుల్లో వచ్చే సరుకు, పోయే సరుకు లెక్కలు రాసుకునే గుమాస్తాలం. ఇంటర్‌లో మాలో ఇద్దరిది సీఈసీ, ఒకరిది ఎంపీసీ. షిఫ్టు ఉదయం ఐదున్నరకి. ఆ వేళకి మమ్మల్ని అక్కడికి చేర్చే బస్సు మా పేట నుంచి లేదు. నలుగురం ఒకే కారులో వెళ్తాం. అది మొరాయిస్తే నలుగురి గంటల జీతమూ పోతుంది. నెలలో మూడోసారి ఆలస్యమైతే సూపర్‌వైజరు ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటాడు. పాత కారు నడుపుకునే వాళ్ళకి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు.

కరెంటు వెనక్కి రావాలి కదా

మన ఊళ్ళో ఎర్త్ వైరు అంటాం, ఇక్కడ గ్రౌండ్ స్ట్రాప్ అంటారు. జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి, లేదంటే నల్ల తొడుగున్న లావుపాటి వైరు. ఒక కొస ఇంజిన్‌కి, ఇంకో కొస కారు బాడీకి. చూడ్డానికి దాన్ని పట్టించుకోవాలని కూడా అనిపించదు. దాని పని తెలియాలంటే కృష్ణా, గోదావరి డెల్టాల్లో చేలకి నీరు పెట్టడం గుర్తు తెచ్చుకోండి. నీరు తెచ్చే పంట కాలువ ఎంత ముఖ్యమో, బయటికి తీసే మురుగు కాలువ అంత ముఖ్యం. మురుగు కాలువ పూడిపోయినంత మాత్రాన నీరు ఊరుకోదు. గట్టు తెంచుకుని పక్కవాడి చేను మీద పడుతుంది.

కారులో పంట కాలువలు అంటే ప్లస్ వైర్లు. బల్బుకొకటి, ఫ్యానుకొకటి, సెల్ఫ్ మోటారుకొకటి వేరువేరుగా వెళ్తాయి. తిరిగి రావడానికి మాత్రం వేరే వైరు వేయరు, ఇనుప బాడీయే తిరుగు దారి. మనం ఉంటున్న ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ థామస్ ఎడిసన్ గారు ఇలా చేయలేదు. ఆయన 1879లో ఇక్కడి మెన్లో పార్కులోనే బల్బు వెలిగించి, 1882లో న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్ నుంచి ఇళ్ళకి కరెంటు ఇచ్చినప్పుడు నేలలో ఇనుప గొట్టాలు పాతి, వాటిలో రాగి కడ్డీలు రెండేసి పెట్టించారు. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. కార్లు చేసేవాళ్ళు రెండో రాగి ఖర్చు మిగుల్చుకుని ఆ పని బాడీకి అప్పజెప్పారు. అందులో తప్పేం లేదు, బాడీలో కావలసినంత ఇనుముంది.

చిక్కల్లా ఇంజిన్‌తోనే. అదురు లోపలికి రాకుండా ఇంజిన్‌ని రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెడతారు. రబ్బరులోంచి కరెంటు పోదు. అంటే ఇంజిన్ ఒక లంక, బాడీ ఒక ఒడ్డు. సెల్ఫ్ మోటారూ, డైనమో, స్పార్కు ప్లగ్గులూ లంక మీద ఉన్నాయి. హెడ్‌లైట్లూ, వైపర్లూ, హీటరు ఫ్యానూ ఒడ్డు మీద ఉన్నాయి. రెండింటి మధ్య వంతెన ఆ జడ పట్టీయే.

ఆ వంతెన తెగితే లేదా తుప్పు పడితే కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. పాత కార్లలో ఆక్సిలరేటరు కేబులు, గేరు కేబులు, ఇంజిన్‌కి తగిలే ఏసీ గొట్టం, ఏది దొరికితే అది. సన్నటి ఉక్కు తీగలోంచి సెల్ఫ్ కరెంటు వెళ్తే అది వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి, కేబులు బిగుసుకుపోతుంది. అందుకే ఇది డబ్బు ఖర్చుతో పోయే సంగతి కాదు. ఆక్సిలరేటరు రూట్ 1 మీద బిగుసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

బందరు అన్న కారు కథ

మాతో పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు, మేమంతా బందరు అన్న అంటాం. ఆయనది 2004 మోడల్ నాలుగు సిలిండర్ల కారు. 2017 అక్టోబరులో ఒక గ్యారేజీలో ఇంజిన్ మౌంటింగు మార్పించాడు. డిసెంబరు చలికి సెల్ఫ్ మూలగడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చాడు, 140 డాలర్లు. పది రోజులు బాగుంది. తర్వాత ఒక రాత్రి పని నుంచి వస్తుంటే కారు ఆగిపోయింది, టో చేయించినందుకు 95. సెల్ఫ్ మోటారు పోయిందన్నారు, కూలితో కలిపి 380. మొత్తం 615 డాలర్లు. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బులో సగం దీనికే పోయింది. జనవరి మొదటి వారంలో మళ్ళీ అదే మూలుగు.

అప్పుడు మా ఎంపీసీ మిత్రుడు పదిహేను డాలర్ల మల్టీమీటరు ఒకటి పట్టుకొచ్చాడు. ఎర్ర పుల్ల ఇంజిన్ దిమ్మ మీద శుభ్రమైన ఇనుముకి ఆనించి, నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ బుడిపెకి పెట్టి, అన్నని సెల్ఫ్ కొట్టమన్నాం. మీటరు 1.9 వోల్టులు చూపించింది. తిరుగు దారి బాగుంటే అక్కడ 0.2 వోల్టుకి మించి కనబడకూడదు. అంటే బ్యాటరీ ఇచ్చే బలంలో దాదాపు రెండు వోల్టులు సెల్ఫ్‌ దాకా అందకుండా దారిలోనే మిగిలిపోతున్నాయి.

పట్టీ తెగలేదు, పోలేదు, ఎదురుగానే ఉంది. మౌంటింగు మార్చిన వాళ్ళు దాన్ని పాత చోట బిగించకుండా చేతికందిన చోట బిగించారు. ఒక సన్నటి రేకు బ్రాకెట్టుకి, పెయింటు మీదే. పైగా ఆ బ్రాకెట్టు కూడా ఇంజిన్‌కి ఒక రబ్బరు వాషరు మీద కూర్చుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. అంత ఖర్చు పెట్టించింది ఒక్క బోల్టు. పన్నెండు డాలర్లు పెట్టి కొత్త పట్టీ కొని సరైన చోట బిగిస్తే మీటరు 0.12కి దిగింది. తీసిపారేసిన పాత సెల్ఫ్ మోటారు నిజంగా పాడైందో లేదో ఇక ఎవరు చెప్పాలి?

ఇందులో లెక్క ఇంటర్ ఫిజిక్సులో చదివిన ఓమ్ నియమమే. సెల్ఫ్ తిరిగేటప్పుడు చిన్న కారుకి కూడా 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. బిగింపు దగ్గర అడ్డు ఓమ్‌లో నూరోవంతు ఉన్నా 150ని దానితో గుణిస్తే 1.5 వోల్టులు పోయినట్టే. అక్కడ పుట్టే వేడి 225 వాట్లు, రెండు వంద క్యాండిల్ బల్బుల కంటే ఎక్కువ. అందుకే మీటరుని ఓముల మీద పెట్టి "జీరో చూపిస్తోంది, వైరు బాగానే ఉంది" అనుకోకూడదు. జడలో ఒక్క పోగు మిగిలినా మీటరు జీరో అనే చూపిస్తుంది. ఆ ఒక్క పోగు 150 ఆంపియర్లు మోయలేదు. పరీక్ష ఎప్పుడూ బరువు పెట్టి, అంటే సెల్ఫ్ కొడుతూ, వోల్టులు చూసి చేయాలి. గేరు పార్కులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చేతులూ దుస్తులూ బెల్టులకి దూరంగా పెట్టుకోండి.

మీటరు లేకపోతే జంపర్ కేబులు చాలు. నల్ల కేబులు ఒక క్లిప్పు మీ బ్యాటరీ మైనస్‌కి, రెండోది బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద పెయింటు లేని లావు ఇనుముకి తగిలించి తాళం తిప్పండి. మూలిగే సెల్ఫ్ ఒక్కసారిగా హుషారుగా తిరిగితే రోగం ఎర్త్‌లో ఉంది, బ్యాటరీలో కాదు.

ముందు బ్యాటరీ నల్ల వైరు ఎటు పోతోందో చూడండి

పట్టీ ఎక్కడ బిగించాలి అనే ముందు ఇంకో ప్రశ్నకి జవాబు కావాలి. అన్ని కార్లలో ఈ పట్టీ మోసే బరువు ఒకటి కాదు. బ్యాటరీ మైనస్ నుంచి బయల్దేరే లావు నల్ల వైరుని చేత్తో తడుముకుంటూ పోండి. కొన్ని కార్లలో అది నేరుగా ఇంజిన్‌కో గేరుబాక్సుకో వెళ్తుంది. అలాంటప్పుడు సెల్ఫ్ కరెంటు ఆ లావు వైరులోంచే తిరిగొస్తుంది. జడ పట్టీ మోసేది హెడ్‌లైట్లు, ఫ్యాన్లు, హీటరు వంటి బాడీ మీది వాటి కరెంటు. ఈ రకం కార్లలో పట్టీ పాడైతే సెల్ఫ్ బాగానే తిరగొచ్చు కానీ లైట్లు మసకగా ఉంటాయి. పాత కార్లలో హెడ్‌లైటు వేయగానే టెంపరేచరు ముల్లు కదలడం కూడా దీని గుర్తే.

ఇంకొన్నిటిలో లావు వైరు బ్యాటరీ పక్కనే బాడీకి బిగిసి అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ లాగే 150, 200 ఆంపియర్లూ ఆ ఒక్క పట్టీ మీదుగానే రావాలి. బందరు అన్న కారు ఈ రకమే. ఇక్కడ పట్టీ బ్యాటరీ వైరంత లావు ఉండి తీరాలి. స్టీరియో షాపులో దొరికే సన్న వైరు పనికిరాదు. ఇళ్ళ వైరింగుకి వాడే బిరుసు రాగి తీగ అసలే పనికిరాదు, ఇంజిన్ అదురుకి కొన్నాళ్ళలోనే విరిగిపోతుంది. చాలా కార్లలో బాడీకి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి రెండు వైర్లూ ఉంటాయి. అదృష్టవంతులు.

ఇంజిన్ వైపు ఎక్కడ?

కంపెనీ వాళ్ళు పెట్టిన చోటు దొరికితే ఇక వెతుకులాట వద్దు, అక్కడే. పాత పట్టీ ఊడిపోయినా దాని గుర్తు ఉంటుంది: పెయింటు లేని గుండ్రటి మచ్చ, తుప్పు పట్టిన బోల్టు, లేదా చిలుము పట్టి వేలాడే రాగి పోగులు. ఆ చోటు విరిగిపోయిందనుకోండి, లేదా బోల్టు లోపలే తెగిందనుకోండి, అప్పుడే కొత్త చోటు ఆలోచించాలి.

సెల్ఫ్ మోటారుకి ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎందుకంటే పెద్ద కరెంటు బయటికొచ్చేది దాని ఒంటి మీదుగానే. సెల్ఫ్ బిగించి ఉండేది ఇంజిన్, గేరుబాక్సు కలిసే చోట. అక్కడి గేరుబాక్సు బోల్టులు లావైనవి, లోహానికి లోహం తగిలి ఉంటాయి. మా ఓటు వాటికే. ఇంజిన్ దిమ్మ మీదా హెడ్డు పక్కనా ఒక్కోసారి మర ఉన్న ఖాళీ రంధ్రాలు కనబడతాయి. ఒకే ఇంజిన్‌ని రకరకాల కార్లలో వాడతారు కాబట్టి అవి మిగిలిపోతాయి. సరిపోయే బోల్టు దొరికితే అదీ మంచి చోటే. డైనమోని పట్టి ఉంచే లావు బ్రాకెట్టు కూడా ఫరవాలేదు, అది నేరుగా దిమ్మకి బిగిసి ఉంటేనే.

వద్దన్నవి గట్టిగా చెప్పాలి. పైన కనబడే వాల్వు కవరు బోల్టులు చేతికి సులువుగా అందుతాయి, అందుకే అందరూ వాటి మీద పడతారు. ఆ కవరు కింద రబ్బరు గాస్కెట్టు ఉంటుంది, కొన్నిటికి కవరే ప్లాస్టిక్. ఇన్‌టేక్ మానిఫోల్డు కూడా ఇప్పుడు చాలా కార్లలో ప్లాస్టిక్కే. ఎగ్జాస్టు దగ్గర వేడికి పట్టీ మాడిపోతుంది. హెడ్డు బోల్టుల జోలికి అసలు పోవద్దు, అవి లెక్క ప్రకారం బిగించినవి, కదిలిస్తే పెద్ద ఖర్చు. వాటర్ పంపు, ఆయిల్ పాను బోల్టులు వదులు చేస్తే కారడం మొదలవుతుంది. పెట్రోలు గొట్టాల దరిదాపుల్లో ఏ ఎర్త్ బిగింపూ ఉండకూడదు.

గేరుబాక్సు, హెడ్డు చాలావాటికి అల్యూమినియం. అక్కడ బలంకొద్దీ బిగిస్తే మర పోతుంది. రాగి, అల్యూమినియం నేరుగా తగిలి, పైన ఉప్పు నీళ్ళు పడితే అల్యూమినియం తినేస్తుంది. కాబట్టి తగరం పూత ఉన్న తెల్లటి కొసల పట్టీ తీసుకోండి.

బాడీ వైపు ఎక్కడ?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. బానెట్ ఎత్తితే కనబడేదంతా బాడీ అనుకుంటాం, కాదు. మడ్‌గార్డు రేకులు బోల్టులతో తగిలించినవి, వాటికీ బాడీకీ మధ్య పెయింటు పొర ఉంటుంది. బానెట్ కీలులూ అంతే. రేడియేటరు పట్టుకునే ముందు చట్రం కొన్నిటిలో ప్లాస్టిక్. ఇంజిన్ కింద కనబడే లావుపాటి ఇనుప చట్రం, సబ్‌ఫ్రేము అంటారు, దాన్ని చూసి ఇంతకంటే గట్టిది ఏముంటుంది అనిపిస్తుంది. కానీ చాలా కార్లలో అది కూడా బాడీకి రబ్బరు బుష్‌ల మీదే వేలాడుతుంది. అక్కడ బిగిస్తే ఒక లంక నుంచి ఇంకో లంకకి వంతెన వేసినట్టు.

కావలసింది బాడీకి వెల్డింగు చేసిన మందపాటి రేకు: ముందు షాకబ్సార్బరు పైకొస ఉండే గోపురం లాంటి చోటు పక్కన, బ్యాటరీ కింద పొడవునా పోయే రైలు, ఇంజిన్‌కీ మనకీ మధ్య గోడ. కంపెనీ అక్కడక్కడా ఎర్త్ కోసమే వెల్డు చేసిన నట్లు పెడుతుంది. గోడకి కొత్త రంధ్రం వేయకండి, వెనక ఏ వైర్ల కట్ట ఉందో మనకి తెలియదు. షాకబ్సార్బరుని, బ్రేకు గొట్టాలని, ఎయిర్‌బ్యాగు సెన్సర్లని పట్టి ఉంచే బోల్టులు వాడకండి.

రెండు కొసల మధ్య పట్టీ పొట్టిగా ఉండాలి కానీ బిగుతుగా ఉండకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడూ గేరు మార్చినప్పుడూ ఇంజిన్ ఊగుతుంది. తాడులా లాగి కడితే ఒక చలికాలం కూడా నిలవదు. కొంచెం వంపు వదిలి, బెల్టులకీ ఫ్యానుకీ ఎగ్జాస్టుకీ తగలకుండా చూసుకోండి.

బిగించే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఉంగరాలూ చేతి గడియారమూ కూడా. ఇంజిన్ చల్లారి ఉండాలి. హైబ్రిడ్ కారైతే నారింజ రంగు కేబుళ్ళ దగ్గరికి చెయ్యే పెట్టొద్దు. తర్వాత బోల్టు కూర్చునే చోట పావలా డాలరు బిళ్ళంత మేర గరుకు కాగితంతో పెయింటూ తుప్పూ గీకి లోహం మెరిసేదాకా రుద్దాలి. ఈ ఒక్క పని వదిలేస్తే ఎంత మంచి చోటు ఎంచుకున్నా లాభం లేదు. పళ్ళున్న వాషరు వేసి బిగించాక, పైనుంచి గ్రీజో వేజలైనో దట్టంగా పూయండి. న్యూజెర్సీలో మంచు పడకముందే రోడ్ల మీద ఉప్పునీళ్ళు చల్లుతారు, గీకిన ఇనుముని అలాగే వదిలేస్తే మార్చికల్లా ఎర్రబడుతుంది. పని అయ్యాక మళ్ళీ మీటరు పెట్టి చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.2 వోల్టు లోపు వస్తే సరే. 0.5 దాటితే ఏదో కొస ఇంకా సరిగా లేదు. పుల్లని ఒక్కో బిగింపు మీదుగా జరుపుతూ పోతే ఎక్కడ వోల్టులు దూకుతున్నాయో అక్కడే ఉంది దొంగ.

పాత పట్టీ తీయకుండా ఇంకోటి అదనంగా వేయొచ్చా అని మమ్మల్ని అడుగుతుంటారు. వేయొచ్చు, నష్టం లేదు. కానీ దాని కొసని నేరుగా బ్యాటరీ మైనస్ బుడిపెకి కలపకండి. గత ఇరవై ఏళ్ళలో వచ్చిన చాలా కార్లలో ఆ బుడిపె మీదే చిన్న సెన్సరు డబ్బా ఉంటుంది. ఎంత కరెంటు పోతోంది, ఎంత వస్తోంది అని అది లెక్క కట్టి డైనమోకి చెబుతుంది. మీ కొత్త వైరు దాన్ని తప్పించి పక్కదారి పడితే ఆ లెక్క తప్పుతుంది. అదనపు పట్టీ ఎప్పుడూ ఇంజిన్ నుంచి బాడీకే.

ఇవన్నీ ఇన్‌స్పెక్షనులో వాళ్ళు చూసుకుంటారులే అనుకునే వాళ్ళకి ఒక మాట. 2010 ఆగస్టు నుంచి న్యూజెర్సీలో మామూలు కార్లకి బ్రేకులు, లైట్ల వంటి తనిఖీలు ఎత్తేశారు, పొగ తనిఖీ మాత్రమే మిగిలింది. మీ ఎర్త్ పట్టీని అక్కడ ఎవరూ చూడరు. పైగా బ్యాటరీ మైనస్ తీసి మళ్ళీ పెట్టాక కారు కంప్యూటరు తన స్వీయ పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. అవి పూర్తికాకముందే వెళ్తే ఇంకా సిద్ధంగా లేదని తిప్పి పంపేస్తారు. అందుకని స్టిక్కరు గడువు దగ్గరపడి ఉంటే ముందు ఇన్‌స్పెక్షను చేయించుకుని ఆ తర్వాత పట్టీ పని పెట్టుకోండి. లేదా పట్టీ వేశాక కొన్ని రోజులు ఊళ్ళోనూ, హైవే మీదా నడిపి అప్పుడు వెళ్ళండి.